కింది గొంతు

జూన్ 3, సోమవారం

ముప్పై రెండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. టికెట్ల లెక్క చూపే వేబిల్లు తప్ప జీవితంలో ఏదీ రాసి ఎరగను. ఇవాళ నోటుబుక్కు ఎందుకు తెరిచానంటే, నోరు తెరవకూడదు కాబట్టి. గొంతులో గడ్డ తీసి ఆరు రోజులైంది. ఇవాళ రిపోర్టు వచ్చింది. గడ్డ మంచిదేనట! భయపడాల్సింది ఏమీ లేదట! ఆస్పత్రి మెట్ల మీద ఎగిరి గంతేద్దామనుకున్నాను, మోకాళ్ళు ఒప్పుకోలేదు. గేటు దగ్గర ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దమనిషికి రిపోర్టు చూపించాను, ఆనందం పట్టలేక. ఆయన నేను దారి అడుగుతున్నాననుకుని, "ఎడమకి తిరగండి" అన్నాడు.

ఆపరేషన్ రోజు నుంచి రెండు వారాలు పూర్తిగా మౌనం. గుసగుస కూడా పనికిరాదట. పిల్లలు రాసి చెరుపుకునే ప్లాస్టిక్ పలక ఒకటి కొన్నారు నాకు. మా ఆవిడ సంబరం చూడాలి.

"ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నా మాట చివరిదాకా వెళ్ళడం ఇదే మొదలండీ" అంది.

మళ్ళీ ఎప్పుడు పాడొచ్చని డాక్టరమ్మని పలక మీద రాసి అడిగాను. మా ఆవిడ అప్పుడు మందుల కౌంటరు దగ్గరుంది. డాక్టరమ్మ చెప్పాల్సింది చెప్పింది. అదంతా ఇక్కడ రాయక్కర్లేదు. ఇవాళ మంచి రోజు.

జూన్ 5, బుధవారం

మా అమ్మాయి ఒక పెట్టె తెచ్చింది. అబ్బబ్బ, ఏం పెట్టె! ఇటుక కన్నా కాస్త పెద్దది. ఇటు నుంచి మైకు వైరు, అటు నుంచి గిటారు వైరు. గిటారు ఏ శ్రుతిలో ఉందో విని, పాడే మనిషి గొంతు పట్టుకుని, దాని మీద ఇంకో గొంతు, దాని కింద ఇంకో గొంతు అదే పుట్టిస్తుందట. కాలితో పెడల్ తొక్కితే గొంతులు వస్తాయి, మళ్ళీ తొక్కితే పోతాయి. మనిషి పాడుతున్నంతసేపూ మధ్యలో ఒక ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఒక్కతి నిలబడి పాడితే ముగ్గురు పాడినట్టు!

దీనికి కారణం ఉంది. పదకొండేళ్ళుగా నేనూ అమ్మాయీ కలిసి పాడుతున్నాం, దానికి పదిహేనేళ్ళప్పటి నుంచి. రిసెప్షన్లు, పుట్టినరోజులు, పెద్ద హోటల్లో ఎప్పుడైనా పిలిస్తే ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ. అది గిటారు పట్టుకుని మధ్యలో, నేను దానికి ఎడమవైపు. పై గొంతు దానిది, కింది గొంతు నాది. ఇప్పుడు ఆ హోటల్ మేనేజరు ఐదు ఆదివారాలు ఒక్కదాన్నే పాడమన్నాడు. నచ్చితే ప్రతి ఆదివారం దానిదే. అది ఖాయమైతే వారంలో సగం రోజులు కళ్ళద్దాల షాపులో పని మానేసి సొంత పాటలు కట్టుకుంటుందట. ఎన్నాళ్ళ కోరికో!

"నీ గొంతు వచ్చేదాకా నాన్నా. అందాకా ఇది నా పక్కనుంటుంది" అంది.

పలక మీద పెద్ద అక్షరాలతో 'భలే' అని రాశాను.

జూన్ 9, ఆదివారం

మొదటి ఆదివారం. నేను వంటింటి తలుపు పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. హాలు మొత్తం కనిపిస్తుంది, పైగా అక్కడ కూర్చున్నవాణ్ణి ఏం కావాలని ఎవరూ అడగరు.

పెడల్ ఆపడం మర్చిపోయి "అందరికీ నమస్కారం" అంది మా పిల్ల. రెండు గొంతులు నమస్కారం పెట్టాయి. ఒక పెద్దావిడ బల్లకింద వంగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. హాలంతా నవ్వు. అమ్మాయీ నవ్వేసింది. ఆ నవ్వు కూడా రెండు గొంతుల్లో!

ఇక పాడిందయ్యా. ఒకే పోలికలున్న అక్కాచెల్లెళ్ళు పక్కపక్కన నిలబడి పాడినట్టు. చెంచాలు గాల్లో ఆగిపోయాయి. నేను పెదాలు మాత్రమే కదిపాను, గొంతు కదపలేదు, ఒట్టు.

చరణం చివర నేను అందుకునేచోట అది తల తిప్పి ఎడమవైపు చూస్తుంది. ఇవాళ కూడా చూసింది. ఐదు పాటల్లో ఏడుసార్లు. తలలు లెక్కపెట్టిన ఉద్యోగం కదా, కన్ను దానంతటదే లెక్కపెడుతుంది. అలవాటు అంత త్వరగా పోదు పాపం. అడుగున కాస్త బోలుగా వినిపించింది. కొత్త పెట్టె, సర్దుకుంటుంది.

నాకెంత సంతోషమో రాయలేను.

జూన్ 10, సోమవారం

మా ఆవిడ కుట్టు షాపుకి, అమ్మాయి కళ్ళద్దాల షాపుకి. ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది.

జూన్ 11, మంగళవారం

మౌనం గడువు అయిపోయింది. రోజుకి ఇరవై మాటలు మాట్లాడవచ్చు. మొదటి మాట ఏమనాలో పొద్దుటి నుంచీ ఆలోచించాను. అమ్మాయి పేరు పెట్టి పిలుద్దామా, మా ఆవిణ్ణి మెచ్చుకుందామా అని. చివరికి దాహమేసి "నీళ్ళు" అన్నాను.

"ఎవరండీ అది?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఎవరో గుమ్మంలోకి వచ్చారనుకుంది.

నేనేలే అని గరిటెతో గిన్నె మీద కొట్టాను. పరుగున వచ్చింది. కాసేపు నా మొహంలోకి చూసి, "నీళ్ళేగా, ఉండండి" అని లోపలికి వెళ్ళింది. గ్లాసు నిండా కాదు, చెంబు నిండా తెచ్చింది.

తర్వాత ఇద్దరం బాగా నవ్వుకున్నాం. నేను ముందు నవ్వాను.

జూన్ 14, శుక్రవారం

ఇరవై మాటల్లో ఇవాళ మూడు ఖర్చయ్యాయి. పగలు ఎవరితో మాట్లాడతాను?

జూన్ 16, ఆదివారం

రెండో ఆదివారం. బ్రహ్మాండం. ఎడమవైపు ఆరుసార్లు.

జూన్ 18, మంగళవారం

పెట్టె పాడైంది. ఎలా తెలిసిందంటే, పదిన్నరకి తుడుద్దామని బయటికి తీశాను. తీసినవాణ్ణి వైర్లు కూడా పెట్టాను. పెట్టినవాణ్ణి మైకు దగ్గరికి వెళ్ళాను. మా వాన పాటలో రెండో చరణం, నా వంతు, మెల్లగా మొదలుపెట్టాను. దీపం వెలగలేదు. కాస్త గట్టిగా. వెలగలేదు. గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగ మీటుతూ పాడాను. గిటారుకి గిటారు దీపం వెలిగింది, మధ్య దీపం వెలగలేదు. తుడిచేటప్పుడు చెయ్యి దేనికో తగిలి ఉంటుంది. భయమేసింది. ఇంకా మూడు ఆదివారాలున్నాయి పిల్లకి.

సంచీలో పెట్టుకుని మైకుల షాపుకి బయల్దేరాను. రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో కండక్టరు కొత్త అమ్మాయి, నన్నెరగదు. "దిగేవాళ్ళు ముందుకి రండి, డోర్‌లో నిలబడొద్దు" అంటుంటే నా పెదాలు కూడా కదిలాయి. పక్కనాయన వింతగా చూశాడు.

షాపాయన వైర్లు తగిలించి "లాలలా" అన్నాడు. దీపం భగ్గున వెలిగింది.

"బంగారంలా ఉంది కదండీ! ఏదీ, మీరొకసారి పాడండి."

చెయ్యి అడ్డంగా ఊపాను. పలక మీద 'జలుబు' అని రాశాను.

"అదీ సంగతి. దీనికి స్వరం దొరకాలండీ. గొంతులోంచి ఉత్త గాలి వస్తే ఏం పట్టుకుంటుంది? జలుబు తగ్గాక చూడండి, అదే వెలుగుతుంది." అని పెట్టెని అటూ ఇటూ తిప్పి, "ఇదేంటండీ, కింది గొంతు మూసేశారు? ఇంత పెట్టె కొని సగమే వాడుతున్నారా?" అన్నాడు.

పై గొంతుకి ఒక మీట, కింది గొంతుకి ఒక మీట. పైది తెరిచి ఉంది, కిందిది మూసి ఉంది. అడుగున బోలుగా ఉండటానికి కారణం అదన్నమాట! ఎలా తెరవాలో చూపించాడు. దేవుడల్లే దొరికాడు.

ఇంటికి వచ్చి పెట్టె యథాస్థానంలో పెట్టేశాను. బస్సు కుదుపులకి లోపల ఏదో వైరు సర్దుకుని ఉంటుంది. బాగయింది. మళ్ళీ పాడి చూడలేదు. బాగయ్యాక చూడ్డం ఎందుకు?

జూన్ 23, ఆదివారం

మూడో ఆదివారం. మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయి గొంతు తేనె సార్. కానీ ఉన్నమాట చెప్పాలి కదా, పలచగా ఉంది. మీరిద్దరూ పాడితే హాలు నిండిపోయేది. ఇప్పుడు ఎత్తుగా వస్తోంది, కింద నేల లేదు. మావాళ్ళు ఇంకో ఇద్దరు అన్నదమ్ముల్ని వినమంటున్నారు. మీరెప్పుడొస్తారు సార్?"

'త్వరలో' అని రాశాను.

"అయితే దిగుల్లేదు" అని భుజం తట్టి వెళ్ళాడు.

నిజానికి చాలా చిన్న విషయం. ఒక మీట. పిల్ల మర్చిపోయింది, అంతే. దానికి చెబితే మొహం చిన్నబుచ్చుకుంటుంది, పెట్టె షాపుకి ఎందుకు తీసుకెళ్ళావని అడుగుతుంది. చెప్పకుండా నేనే తెరుస్తాను. వినగానే ఎంత ఆశ్చర్యపోతుందో!

జూన్ 30, ఆదివారం

నేనే చెడగొట్టాను.

పొద్దున అది స్నానానికి వెళ్ళినప్పుడు కింది గొంతు మీట తెరిచాను. హోటల్లో అది పెడల్ ఆపే ఉంచి, మైకు వన్ టూ అని మాత్రం చూసుకుంది. మొదటి పాట పెట్టె లేకుండా పాడింది. రెండోది వాన పాట. నా వంతు వచ్చేచోట కాలు వేసింది.

వచ్చింది. కింది గొంతు. లావుగా, నున్నగా, ఎక్కడా జీర లేకుండా. మేనేజరు చెప్పిన నేల వచ్చేసింది! నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

అమ్మాయి ఆగిపోయింది. గిటారు మీద చెయ్యి కూడా ఆగిపోయింది. గబుక్కున ఎడమవైపు తిరిగింది. అక్కడెవరున్నారు? ఖాళీ. అప్పుడు హాలంతా వెతికి నన్ను చూసింది. నేనింకా చప్పట్లు కొడుతూనే ఉన్నాను, మూర్ఖుణ్ణి.

వంగి పెట్టె వైరు పీకేసి, మిగతావన్నీ ఒక్క గొంతుతో పాడింది. రెండుచోట్ల తప్పింది. పదకొండేళ్ళలో అది తప్పడం నేను వినలేదు. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. మూడు స్టాపులు దాటాక అడిగింది.

"కింది గొంతు ఎవరు తెరిచారు నాన్నా?"

బడిపిల్లాడిలా చెయ్యెత్తాను. 'మూసి ఉంది. మర్చిపోయావనుకున్నా' అని రాశాను.

"మర్చిపోతానా? నేనే మూశాను. అది నీది కదా." కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది. "బస్సులో సీటుకి కర్చీఫ్ వేసి ఆపుకునేవాళ్ళని ఎంతమందిని చూడలేదు నువ్వు? అలా ఆపాను. నువ్వొచ్చేదాకా అందులో ఎవర్నీ కూర్చోనివ్వను. ఇవాళ వినపడగానే నువ్వే వచ్చేశావనుకున్నా. ఒక్క క్షణం. అంత పిచ్చిదాన్ని."

పలక మీద రాసింది వేలితో చెరిపేశాను.

"మేనేజరుకి చెప్పేశా. వచ్చే ఆదివారం ఎలా ఉన్నా, ఆ తర్వాత మా నాన్న వచ్చేస్తాడని. వస్తావుగా?"

మన స్టాపు వచ్చిందని చూపించాను. నిజంగానే వచ్చింది.

జూలై 1, సోమవారం

రాయడానికి ఏమీ లేదు.

జూలై 2, మంగళవారం

జూన్ మూడో తేదీన రాయనిది ఇవాళ రాస్తాను. నా నోటుబుక్కుకే నేను అబద్ధం చెప్పి ఎవర్ని మోసం చెయ్యాలి?

డాక్టరమ్మ అంది: "మాట వస్తుందండీ. జీరగా ఉంటుంది, కానీ వస్తుంది. పాట మాత్రం రాదు. గడ్డతో పాటు స్వరతంతువు ఒకటి చాలావరకు తీసేయాల్సి వచ్చింది. ఆశ పెట్టుకోవద్దు." మంచి మనిషి, నా చెయ్యి పట్టుకునే చెప్పింది. ఆ తర్వాత గేటు దగ్గర పెద్దమనిషికి రిపోర్టు చూపించాను. ఆనందంతోనే. ప్రాణం దక్కితే ఆనందం కాదా?

పెట్టె పాడవలేదు. ఆ రోజూ పాడవలేదు.

జూలై 4, గురువారం

సాయంత్రం ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి హాల్లో పెట్టెకి వైర్లు పెట్టి, మైకు నిలబెట్టి ఉంచాను. నోటితో చెబితే ఇరవై మాటలు చాలవు, పలక మీద రాస్తే సగంలోనే చెరిపేస్తాను. అందుకని పెట్టె చేత చెప్పిద్దామనుకున్నాను.

"ఏంటండీ కచేరీయా?" అంది మా ఆవిడ చెప్పులు విడుస్తూ.

అమ్మాయి మొహం వెలిగిపోయింది. "డాక్టరమ్మ పాడమందా?" అని పరుగున వెళ్ళి గిటారు అందుకుంది. ఆ వెలుగు చూసి మానేద్దామనుకున్నాను. మానలేదు.

నేను మధ్యలో నిలబడి వాన పాటలో నా చరణం మొదలుపెట్టాను. గాలి వచ్చింది. అక్కడక్కడ గేరు పడనప్పటి చప్పుడులాంటిది వచ్చింది. అమ్మాయి కళ్ళు నా మీద లేవు, పెట్టె మీదున్నాయి. దీపం వెలగలేదు.

"ఇంకోసారి" అంది.

ఇంకోసారి పాడాను.

"మైకు దగ్గరగా పెట్టుకో నాన్నా. ఇంకోసారి."

చరణం మొత్తం పాడాను. గిటారు వాయిస్తూనే ఉంది పిల్ల, ఒక్క తీగ తప్పకుండా, కళ్ళలోంచి కారుతున్నా. అయిపోయాక గిటారు పక్కన పెట్టింది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"మూడో తేదీ" అన్నాను. "పోయిన నెల."

"నెల రోజులు! నేను ఖాళీ పెట్టుకుని పాడుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"ఖాళీ అని తెలీదు తల్లీ. మర్చిపోయావనుకున్నా."

అది నవ్వబోయి ఏడ్చింది. మా ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. దగ్గరికి వచ్చి మైకు స్విచ్చి ఆపి, "నాకు చెబితే ఏం పోయేదండీ? వినేదాన్ని కదా. వినడం ఒక్కటేగా నాకొచ్చు" అంది. తర్వాత, "లేవండి, భోజనం చల్లారిపోతోంది" అంది.

ముగ్గురం ఒకే కంచంలోంచి తిన్నట్టు, ఒకరినొకరు ఆనుకుని తిన్నాం. ఇవాళ పద్దులో ఇరవై మాటలు దాటాయి.

జూలై 6, శనివారం

పొద్దుట్నుంచీ సాధన! అమ్మాయి షాపుకి సెలవు పెట్టింది.

పై గొంతు మూసి, కింది గొంతు మీట నేనే తెరిచాను, దాని ఎదురుగా. మొదటిసారి వినగానే ఇద్దరం మొహాలు చిట్లించాం. పెట్టె బుద్ధిమంతురాలే గానీ ఒట్టి అమాయకురాలు. పై గొంతు అడుగు వేస్తే అడుగు, ఆగితే ఆగడం. కొంగు పట్టుకు తిరిగే పసిపిల్లలా. నేను అలా పాడేవాణ్ణి కాదు. సగం చరణం ఊరుకునేవాణ్ణి. పిల్ల పైకి ఎక్కి ఒంటరిగా ఊగుతుంటే అప్పుడు కింద నుంచి పట్టుకునేవాణ్ణి. ఆఖరి మాట దగ్గర మళ్ళీ వదిలేసేవాణ్ణి. ఇదంతా నాకు తెలుసని ఇవాళే తెలిసింది. పదకొండేళ్ళు ఊరికే చేశాను.

ఎలా చెప్పాలి దానికి? స్టీలు గ్లాసు, చెంచా తెచ్చుకున్నాను. బస్సు గంట లెక్క: రెండు కొడితే రైట్, ఒకటి కొడితే హోల్డాన్. టింగు టింగు అనగానే పెడల్ మీద కాలు వేస్తుంది. టింగు అంటే తీసేస్తుంది.

"కండక్టరు గారూ, కాస్త నిదానం, ఎక్కనివ్వండి!" అని అరిచింది.

"బస్సు మొత్తం ఉలిక్కిపడేలా మోగిస్తున్నారు, మెల్లగా కొట్టండి" అని మా ఆవిడ. సూది చేత్తో పట్టుకుని అక్కడే కూర్చుంది, కుట్టింది మాత్రం లేదు.

మధ్యాహ్నానికి గ్లాసు అవసరం తగ్గింది. పాటల పుస్తకంలో నా చోట్లన్నీ ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను, రేపటికి. గొంతు లావు మీట అమ్మాయి కాస్త తగ్గించి, నున్నదనం కూడా తగ్గించింది.

"జీర కొంచెం ఉండాలి నాన్నా, లేకపోతే నువ్వనిపించదు" అంది.

"నేనక్కర్లేదు. పాటకి సరిపోతే చాలు" అన్నాను. నాలుగే మాటలు.

జూలై 7, ఆదివారం

ఖాయమైంది! ప్రతి ఆదివారం మా పిల్లదే! ముందు అది రాసేస్తున్నాను, చెయ్యి ఆగడం లేదు. మేనేజరు అన్నదమ్ముల్ని రావద్దని చెప్పేశాడట. మా ఆవిడ హోటల్ మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని దిగింది. ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో పట్టుకుంది.

హాలు కిక్కిరిసింది. నేను గ్లాసూ చెంచా జేబులో పెట్టుకునే వెళ్ళాను, అవసరమైతే ఉంటుందని. తియ్యలేదు. వాన పాటలో సగం చరణం అది ఒక్కతే పైకి ఎక్కింది, ఊగింది, నా కాలు దానంతటదే కదిలింది, అక్కడ దాని కాలు పడింది. కింది గొంతు వచ్చి పట్టుకుంది. ఆఖరి మాట దగ్గర వదిలేసింది. ఎర్ర సున్నా దగ్గర సరిగ్గా.

పక్క బల్ల ఆయన భోజనం ఆపి మెడ సాచి వెతుకుతున్నాడు. నా వైపు వంగి అడిగాడు.

"ఏవండీ, ఇద్దరు పాడుతున్నారు కదా. రెండో ఆయన ఎక్కడ? కనబడడేం?"

"ముందు స్టాపులో దిగిపోయాడండీ" అన్నాను.

నా జీర గొంతు సరిగా అందలేదో ఏమో, "ఓహో" అని తల ఊపి మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

ఐదు పాటలూ అయ్యేదాకా దాని మొహమే చూశాను. చరణం చివర్లన్నీ లెక్కపెట్టాను. కళ్ళు మూసుకుని పాడింది, ఎదురుగా జనాన్ని చూసి పాడింది, పెడల్ వైపు కూడా చూడాల్సిన పని పడలేదు. ఎడమవైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఒక్కసారి కూడా. నాకెంత సంతోషమో రాయలేను.